జిరాక్స్‌ల లేని రంగు

ట్రైనింగ్‌ల ఇచ్చిన కాగితం
నా చేతికొచ్చేసరికి జిరాక్స్‌కు జిరాక్స్.
కొరియా దేశపు మూటగుడ్డ బొమ్మ,
కింద పేరు: జొగక్బో.
గడులు గడులుగ నలుపు, బూడిద, మల్ల నలుపు.
మూలకు స్టాప్లర్ పిన్ను నీడ.

నారాయణపేట బడి. ఎనిమిది బి.
అన్నం బెల్లు తర్వాతి పీరియడు,
పిల్లల చేతులకింక కోడిగుడ్డు వాసన.
ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పిన:
కానుకలు కట్టేటందుకు, అన్నం మీద కప్పేటందుకు
ఆ దేశపు ఆడోళ్లు పీలికలు ఏరి కుట్టేటోళ్లట,
కుట్టు కుట్టుకూ ఆయుష్షు పెరుగుతదని నమ్మేటోళ్లట.
కుట్టినోళ్ల పేర్లు మాత్రం
ఎవ్వరూ రాసిపెట్టలేదట.

"ఏం రంగు టీచర్?" ఖదీర్ అడిగిండు.

తెల్వదు.
పదిహేడేండ్ల సర్వీసుల
నల్లబోర్డు ముందు నిలబడి
నేను ఎక్కువసార్లు అనని మాట.

"జొగక్బో కాదు టీచర్, జోగాక్‌పో,
ఆఖర్ల పెదవులు గట్టిగ మూసి ఇడ్వాలె,"
మహాదేవి దిద్దింది.
వాళ్లమ్మ మగ్గం దిగి పండుకున్నంక
దుప్పట్ల ఫోన్ పెట్టుకొని
సీరియళ్లు చూసి నేర్సిన చదువు అది.
క్లాసంత నా దిక్కు చూస్తుండంగ
నేను మూడుసార్లు పలికిన.
మూడోసారికి తలూపింది, పాసు చేసినట్టు.

తెల్లారి ఖదీర్
బస్టాండు కాడ వాళ్ల నాయిన దర్జీ దుకాణం నుంచి
సిమెంటు సంచి నిండ పీలికలు మోసుకొచ్చిండు.
జాకెట్ల చంకముక్కలు, లంగా అంచులు,
మన పేట చీరల సన్నగళ్లు,
ఎవరి పెండ్లిదో షేర్వానీ మెరుపు,
మా బడి యూనిఫారం నీలం, అదే ఎక్కువ.

నలబై మంది, పదకొండు సూదులు.
మగపిల్లలు సిగ్గుపడ్డది ఒక్క పూటే.

కుట్టుడు సగమైనప్పుడు తొందరపడ్డ.
"చూడుండ్రి, ఇది మన బొంతే!
ఏ దేశమైనా అమ్మలంత ఒక్కటే," అన్న.
పాఠ్యప్రణాళికల ఫలితం గడిల
ముందుగాల్నే రాసుకున్న వాక్యం అది.

అప్పుడు, హాజరుకు తప్ప నోరు తెరవని కేతావత్ అనిత
లేచి నిలబడ్డది.
"కాదు టీచర్.
బొంత ఏడు పొరలు, సలికి.
దీనికి పొర ఒక్కటే.
కప్పుకుంటే సలి ఆగదు.
ఒకటే ఎట్లయితది?"

మర్నాడు వాళ్ల తండా నుంచి
నాయినమ్మ కుట్టిన బొంత నెత్తిమీద పెట్టుకొచ్చింది.
ఒక కిటికీ ఊచలకు మా మూటగుడ్డ కట్టినం,
పక్క కిటికీకి బొంత.

మూటగుడ్డల నుంచి మూడుగంటల ఎండ దిగింది.
లంగా అంచు ఎరుపు మహాదేవి లెక్కల నోటు మీద పడ్డది,
షేర్వానీ ముక్క ఎవని చెవి మీదనో.
కుట్లున్న కాడ సన్నగ నల్లటి గీతలు,
దేశపటంల సరిహద్దుల లెక్క.
బొంత కిటికీ మాత్రం చీకటి.
పొగ వాసన, పసిపిల్లల పాల వాసన.
ఖదీర్ దాని ఎనక దూరి
కొంచెంసేపటికి గొంతు పంపిండు:
"ఈడ నిద్రొస్తుంది టీచర్."

నేనేం కలపలేదు.
రెండు కిటికీలను రెండు కిటికీలుగనే ఉండనిచ్చిన.
ఫలితం గడిల వాక్యం కొట్టేసి
ఏం రాయాల్నో తోచక
ఖాళీ పెట్టిన. ఇన్‌స్పెక్షన్‌కు వస్తే అడుగుతరు.

బెల్లు కొట్టంగనే
ఎండముక్కలు తొక్కుకుంట అందరు ఉరికిండ్రు.
గుడ్డ విప్పి మడత పెడుతుంటే
మూలకు చేతికి తగిలింది
బూడిద రంగు దారంతో
గోరంత అడ్డకుట్టు,
ఏ ముక్కనూ ఏ ముక్కతో కలపనిది.

"ఇది ఎందుకు కుట్టినవ్ అనితా?"

జిరాక్స్ కాగితం తీసి
పిన్ను నీడ మీద ఏలు పెట్టి సూపెట్టింది.
"ఉన్నది కద టీచర్."